హాకీ టర్ఫ్ మీద కన్సర్ట్ పెడితే ఏమవుతుంది?

జహీరాబాద్ నుంచి ఇంకో ఎపిసోడ్. "ఒక స్టేడియం కడితే చాలు, ఆటలు ఆడుకోవచ్చు, కన్సర్ట్‌లు పెట్టి డబ్బులూ సంపాదించొచ్చు" అని చాలామంది అంటుంటారు. నిజమేనా? హాకీనే తీసుకుని చూద్దాం.

మనకి దగ్గర్లో ఉన్న ఎగ్జాంపుల్ గచ్చిబౌలి. ముంబై హైవే ఎక్కి, పటాన్‌చెరు దాటి, లింగంపల్లి మీదుగా వెళ్తే వచ్చేస్తుంది. 2005లో ప్రీమియర్ హాకీ లీగ్ మొదటి సీజన్ అక్కడి హాకీ గ్రౌండ్‌లోనే జరిగింది. కప్పు కొట్టింది మన హైదరాబాద్ సుల్తాన్స్! అదే గచ్చిబౌలిలో 2023లో ఇళయరాజా గారి కన్సర్ట్, 2024లో దేవిశ్రీ ప్రసాద్ కన్సర్ట్ జరిగాయి. అయితే ఒకటి గమనించండి. అక్కడ హాకీ టర్ఫ్ వేరు, పెద్ద అథ్లెటిక్ స్టేడియం వేరు. ఎందుకలా?

హాకీ టర్ఫ్ అంటే పచ్చ కార్పెట్ ఒక్కటే కాదు. కింద గట్టి తారు బేస్, దాని మీద రబ్బర్ ప్యాడ్, ఆ పైన టర్ఫ్. ఇదంతా క్యారమ్ బోర్డులా సమానంగా ఉండాలి. డ్రాగ్ ఫ్లిక్ కొడితే బాల్ గంటకి 100 కిలోమీటర్లు దాటి వస్తుంది. చిన్న గుంట ఉన్నా బాల్ ఎగిరి మొహానికి తగలొచ్చు.

ఇప్పుడు దాని మీదికి స్టేజీ, స్పీకర్ల టవర్లు, సామాన్ల లారీలు వచ్చాయనుకోండి. బరువంతా కొన్ని పాయింట్ల మీదే పడి ప్యాడ్ నొక్కుకుపోతుంది. దీనికి సొల్యూషన్ లేదా అంటే ఉంది. బరువు పంచేలా మొత్తం ప్యానెల్స్ పరుస్తారు. కానీ పరచడానికి, తీయడానికి, కడగడానికి రోజులు పడతాయి. కన్సర్ట్ మూడు గంటలే, ప్రాక్టీస్ మాత్రం రోజుల తరబడి బంద్!

ఇది డ్యూయల్ సిమ్ ఫోన్ లాంటిదన్నమాట. సిమ్ములు రెండున్నా, చాలా ఫోన్లలో ఒకదాంట్లో కాల్ నడుస్తుంటే రెండోది కలవదు.

ఇంకో విషయం, నీళ్లు. పెద్ద మ్యాచ్‌లు ఆడే టర్ఫ్‌ని ఆటకి ముందు తడపాలి. గ్రౌండ్ 91.4 మీటర్ల పొడవు, 55 మీటర్ల వెడల్పు. దాని మీద ఒక్క మిల్లీమీటర్ నీళ్లు నిలవాలంటేనే సుమారు 5,000 లీటర్లు, అంటే ఒక ట్యాంకర్! ఎండాకాలంలో మన వీధిలోకి ట్యాంకర్ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసే వాళ్లకి ఈ లెక్క వెంటనే అర్థమవుతుంది. ఇసుక నింపిన టర్ఫ్‌కి ఇన్ని నీళ్లు అక్కర్లేదు. చిన్న ఊళ్లకి అదే నయం.

అలాగని కన్సర్ట్‌లు వద్దని నేను అనట్లేదు. గేట్లు, పార్కింగ్, టాయిలెట్లు, కరెంటు లైన్లు అన్నీ షేర్ చేసుకోవచ్చు. ఆడే నేల మాత్రం వేరుగా ఉండాలి. రేపు మన ఊళ్లో స్టేడియం కడతామని ఎవరైనా వస్తే, "ఎన్ని వేల మంది పడతారు?" అని అడిగే ముందు ఇంకో ప్రశ్న అడగండి: "ఏడాదిలో ఎన్ని సాయంత్రాలు మా పిల్లలకి గ్రౌండ్ ఇస్తారు?" అసలు లెక్క అదే.

మీ ఊరి గ్రౌండ్ పరిస్థితి ఏంటో కామెంట్‌లో చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!