క్వాయ్ వంతెన దగ్గర పేర్లు లేని మనవాళ్లు

బ్యాంకాక్ అంటే మా ఫ్రెండ్స్‌కి పట్టాయా, షాపింగ్, అంతే. ఆఫీస్ పని మీద వెళ్లిన నాకు ఒక ఆదివారం ఖాళీ దొరికింది. పొద్దున్నే తొన్‌బురి స్టేషన్‌లో కాంచనబురి రైలెక్కేశాను. టికెట్ 100 బాట్‌లు. థర్డ్ క్లాస్, ఏసీ లేదు, కిటికీలోంచి గాలి మాత్రం ఫుల్.

'ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్' సినిమా 1957లో వచ్చింది. దాన్ని తీసింది శ్రీలంకలో. అసలు వంతెన ఉన్నది కాంచనబురిలో. దాని మీద ఇప్పటికీ రైలు నడుస్తోంది. వంపు తిరిగిన ఇనుప భాగాలు అప్పటివే. బాంబులకు కూలినచోట యుద్ధం తర్వాత వేసినవి మాత్రం కోణాలు కోణాలుగా ఉంటాయి. అందరూ సెల్ఫీలు దిగుతున్నారు. నేనూ దిగాను.

బర్మాలోని తన సైన్యానికి సరుకులు పంపడానికి జపాన్ 1942-43లో వేసిన లైన్ ఇది. 415 కిలోమీటర్లు, కొండలు, అడవి. పని చేసినవాళ్లలో 60 వేలకు పైగా యుద్ధ ఖైదీలు. వాళ్లలో సుమారు 13 వేల మంది చనిపోయారు.

స్టేషన్‌కి దగ్గర్లోనే వాళ్ల సిమెట్రీ. టికెట్ లేదు. దాదాపు 7 వేల సమాధులు, చాలావాటి మీద పేరు, వయసు. 23, 25, 27... నా వయసువాళ్లే. కలరాతో పోయిన 300 మంది అస్థికలు రెండే సమాధుల్లో ఉన్నాయి. అయినా ఆ 300 పేర్లూ చెక్కారు. గేటు దగ్గరి కట్టడంలో అవిభక్త భారత సైన్యానికి చెందిన 11 మంది పేర్లు కూడా ఉన్నాయి.

ఇదెలా సాధ్యమైంది? ఖైదీలు జపాన్‌వాళ్లకు దొరక్కుండా రికార్డులు దాచుకున్నారు. 1945లో ఒక బృందం ఆ లైను వెంట వెతుక్కుంటూ వెళ్లి 10,549 సమాధులు గుర్తించింది. దొరకనివి 52 మాత్రమే. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, లాగ్స్ ఉన్నాయి కాబట్టి ట్రేస్ చేయగలిగారు.

లాగ్స్ లేనివాళ్ల సంగతి?

ఇదే రైలు కోసం చనిపోయిన ఆసియా కూలీలు 80 వేల నుంచి లక్ష దాకా ఉంటారని అంచనా. బర్మావాళ్లు, జావావాళ్లు, మలయా రబ్బరు తోటల నుంచి తెచ్చిన తమిళులు, తెలుగువాళ్లు. మన విశాఖ, గోదావరి వైపు నుంచి బతుకుదెరువు కోసం మలయా వెళ్లిన కుటుంబాలు అవి. యుద్ధంతో తోటల్లో పని ఆగిపోయింది. కొందరిని జీతం ఆశ చూపి, కొందరిని బలవంతంగా రైలెక్కించారు. ఖైదీల క్యాంపుల్లో వాళ్ల డాక్టర్లు, ఆఫీసర్లు ఉండేవారు. చేతిలో మందుల్లేకపోయినా నీళ్లు కాచి తాగండని చెప్పేవాళ్లు, లెక్క రాసేవాళ్లు ఉన్నారు. కూలీల పక్కన అలాంటివాళ్లు దాదాపు లేరు. 1943 వర్షాకాలంలో కలరా వచ్చినప్పుడు వాళ్ల క్యాంపులు క్యాంపులే ఖాళీ అయ్యాయి.

వంతెనకు దగ్గర్లో 1944లో జపాన్ సైన్యమే కట్టిన ఒక స్మారకం ఉంది. చనిపోయినవాళ్ల కోసమే. సెల్ఫీ జనం అటు పెద్దగా రారు. చుట్టూ రకరకాల భాషల్లో పలకలున్నాయి. తమిళం గుర్తుపట్టాను. తెలుగు కోసం ఒక రౌండ్ తిరిగి చూశాను, కనిపించలేదు. తమిళ పలక మీద కూడా మనుషుల పేర్లేమీ లేవు.

మీరు వెళ్తే ముందు సిమెట్రీ చూసి, తర్వాత వంతెనకు వెళ్లండి. పక్కనే మ్యూజియం ఉంది, రెండు గంటలైనా పెట్టుకోండి. మీ ఇంట్లో 'మా తాత అన్న మలయా వెళ్లి మళ్లీ రాలేదు' అనే పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే, ఆయన పేరేంటో ఇప్పుడే అడిగి ఫోన్‌లో రాసి పెట్టుకోండి.