పదునాలుగు గుంటల లెక్క

ఉయ్యూరు, పామర్రు మొదలుగాగల కృష్ణా డెల్టా ఊళ్ళ పాత లోగిళ్ళలో, అటకమీదనో భోషాణపు అడుగుననో, వరుసకు ఏడేసి చొప్పున రెండు వరుసల గుంటలు తొలిచి, నడుమ బందులు వేసి, పుస్తకమువలె మడుచుటకు వీలుగా చేసిన కొయ్యపలక యొకటి నేటికిని అక్కడక్కడ కనబడును. ఇదియే వామనగుంటల పీట. పీట లేని యింటి పిల్లలు నేలలోనే గుంటలు తవ్వుకొనెడివారు. గింజలకు చింతచెట్టు ఎటులను ఉన్నది. చక్రమును మరయు లేని ఈ యంత్రములో తిరుగునది లెక్క.

ఆటవిధి ఇంటింటికి కొంత మారినను మూలసూత్రము ఒక్కటే. గుంటకు ఐదేసి చొప్పున పెట్టినచో మొత్తము గింజలు 70. ఆడువారు తమ వరుసలోని ఒక గుంటను ఊడ్చి, అందలి గింజలను తరువాతి గుంటలలో ఒక్కొక్కటిగా పంచుచు పోవుదురు. చేతిలోనివి అయిపోగానే ఆ తరువాతి గుంటలోనివి ఎత్తి మరల పంచుదురు. ఆ గుంట ఖాళీయైనచో దానిని తుడిచి, ఆవలి గుంటలోనివి గెలుచుకొందురు.

ఇందులో దాగిన గణితము సామాన్యము కాదు. 17 గింజలు ఎత్తిన బాలిక, గుంట గుంటకును వ్రేలు పెట్టి చూడకయే, పదునాలుగు తీసివేసి, చివరి గింజ మూడవ గుంటలో పడునని గ్రహించును. భాగహారమున శేషమనబడునది, ఆ పేరు వినుటకు ముందే, ఆమె చేతికి వచ్చినది. చుట్టు పూర్తియైన పిమ్మట ఏ గుంటయు ఖాళీగా నుండదు గనుక అప్పుడు గెలుపు లేదనియు, మరల ఎత్తక తప్పదనియు కూడ ఆమె యెరుగును. 13 గింజలు ఎత్తినచో మాత్రము ముచ్చటగా నుండును: చివరిది బయలుదేరిన గుంటకు వెనుకటి దానిలో పడును, దాని తరువాత నుండునది తాను ఊడ్చిన గుంటయే, దాని ఆవలివన్నియు తనవే. ఆరితేరిన అమ్మమ్మలు ఈ పదుమూడింటి కొరకు కాచుకొని యుందురు. అడిగిన మాత్రము చెప్పరు.

మన ఆటలలో నీతిబోధకు పేరుపడినది వైకుంఠపాళి. పాపమునకు పాము, పుణ్యమునకు నిచ్చెన యని పటముమీద స్పష్టముగా చిత్రించినను, పడిన పందెమునుబట్టి కాయ జరుగును గాని ఆడువాని యెన్నిక అందు ఏమియు లేదు. పుణ్యము గవ్వలవలన వచ్చునదైనచో నేర్చుకొనదగిన దేమి? ఒక్క అక్షరమైన లేని వామనగుంటల పీటయే మెరుగైన ఉపాధ్యాయుడని నా యభిప్రాయము.

దీని బంధుకోటి విశాలము. తమిళులకు పల్లాంగుళి, ఫిలిప్పీను దీవులవారికి సుంగ్కా, పశ్చిమాఫ్రికావారికి ఒవారె. 12 గుంటలు, 48 గింజలు గల ఆ ఒవారె వంశపు 'అవారి' ఆటను 2002లో ఆంస్టర్‌డాం నగరపు వ్రీయే విశ్వవిద్యాలయమునందు రోమైన్, బాల్ అను పరిశోధకులు, 144 ప్రాసెసర్లు గల కంప్యూటరు సమూహముతో, ఎనుబదెనిమిదివేల తొమ్మిదివందల కోట్లకు పైబడిన స్థితులను గణించి పరిష్కరించిరి. ఇరువురును తప్పు చేయనిచో ఆట సమముగా ముగియునని తేలినది. ఆ యాటలో చేతి గింజలు అయిపోగానే వంతు ముగియును. మన వామనగుంటలలో ఎత్తిన కొలది పంచుచు పోవలసియుండుటచే, ఒక్క వంతు ఎచ్చట ఆగునో ముందుగా చూచుటకే మిక్కిలి నేర్పు కావలెను.