ఆరు దేశాల నది – అనేక పేర్ల మెకాంగ్

పిల్లలూ! ఇంట్లో అందరూ మిమ్మల్ని ‘చిన్నా’ అనో ‘బుజ్జీ’ అనో పిలుస్తారు. బడిలో హాజరు పట్టీలో వేరే పేరు ఉంటుంది. పేర్లు రెండైనా మనిషి ఒక్కరే కదా! నదుల సంగతీ అంతే. పలు దేశాల గుండా పోయే నదిని ఏ దేశంవారు ఆ దేశపు భాషలో పిలుచుకుంటారు. అలాంటి నది ఒకటి ఆసియా ఖండపు ఆగ్నేయ భాగంలో ఉంది. అదే మెకాంగ్. అట్లాసు దగ్గర పెట్టుకొని ఈ వ్యాసం చదవండి.

టిబెట్ పీఠభూమిలో, చైనాలోని చింగ్‌హై రాష్ట్రంలో, సముద్రమట్టానికి 5,000 మీటర్లకు పైగా ఎత్తున ఈ నది పుడుతుంది. చైనా, మయన్మార్, లావోస్, థాయిలాండ్, కంబోడియా, వియత్నాం అనే ఆరు దేశాలను తాకుతూ పోయి దక్షిణ చైనా సముద్రంలో కలుస్తుంది. దీని పొడవు 4,300 కిలోమీటర్లకు మించుతుంది. మన గోదావరి పొడవు 1,465 కిలోమీటర్లు. అంటే మెకాంగ్ దాదాపు మూడు గోదావరుల పొడవు అన్నమాట!

అట్లాసులో చైనాలోని యునాన్ రాష్ట్రాన్ని చూడండి. అక్కడ సాల్వీన్, మెకాంగ్, యాంగ్‌ట్సీ అనే మూడు మహానదులు లోతైన లోయలలో పక్కపక్కనే దక్షిణానికి పరుగెడతాయి. వాటి మధ్య దూరం కొన్నిచోట్ల పదుల కిలోమీటర్లే. నడుమ ఎత్తయిన పర్వతశ్రేణులు ఉండటంవల్ల అవి కలవలేవు. చివరకు సాల్వీన్ మయన్మార్ తీరాన, యాంగ్‌ట్సీ షాంఘై దగ్గర, మెకాంగ్ వియత్నాంలో సముద్రాన్ని చేరతాయి.

పేర్లలోని రహస్యం

ఇక పేర్లు చూద్దాం. టిబెట్‌వారు దీనిని ‘జా చూ’ అంటారు. చైనావారికి ఇది ‘లాన్‌చాంగ్ జియాంగ్’. థాయిలాండ్‌లో ‘మే నామ్ ఖోంగ్’. కంబోడియాలో ‘టోన్లే థోమ్’ అంటారు, అంటే పెద్ద నది. వియత్నాంలో ‘సోంగ్ కూ లాంగ్’, అంటే తొమ్మిది డ్రాగన్ల నది. సముద్రాన్ని చేరేముందు ఇక్కడ నది అనేక పాయలుగా చీలుతుంది. వాటిని తొమ్మిదిగా లెక్కించి ఈ పేరు పెట్టారు. ఇప్పుడు వాటిలో కొన్ని మూసుకుపోయినా పేరు మాత్రం నిలిచిపోయింది.

ఈ పేర్లలో ఒక తమాషా ఉంది, గమనించారా? చూ, జియాంగ్, మే నామ్, టోన్లే, సోంగ్ – ఈ మాటలన్నిటికీ ఆయా భాషలలో నది అనో నీరు అనో అర్థం! థాయి భాషలో ‘మే’ అంటే తల్లి, ‘నామ్’ అంటే నీరు. రెండూ కలిస్తే నది. మనం గోదారమ్మ, గంగమ్మ అన్నట్లే వాళ్ళూ నదిని తల్లిగా తలచారు. ‘మే నామ్ ఖోంగ్’ కుదించుకుపోయి ‘మెకాంగ్’ అయింది. కాబట్టి ‘మెకాంగ్ నది’ అన్నప్పుడల్లా మనం నదిని రెండుసార్లు పలుకుతున్నట్లే!

వెనక్కి పారే నది

కంబోడియా రాజధాని ఫ్నోమ్ పెన్ దగ్గర టోన్లే సాప్ అనే నది మెకాంగ్‌లో కలుస్తుంది. ఇది అదే పేరుగల పెద్ద సరస్సునుండి వస్తుంది. వేసవిలో సరస్సు నీరు మెకాంగ్‌లోకి పారుతుంది. వానాకాలంలో మాత్రం ఈ నది వెనక్కి తిరిగి, మెకాంగ్ నీటిని సరస్సులోకి తీసుకుపోతుంది!

కారణం తెలియాలంటే ఒక ప్రయోగం చేయండి. రెండు ప్లాస్టిక్ సీసాల అడుగు భాగాలను రబ్బరు గొట్టంతో కలిపి నీళ్ళు పోయండి. రెండింటిలోనూ నీటిమట్టం సమానంగా నిలుస్తుంది. ఒక సీసాలో మరికొన్ని నీళ్ళు పోస్తే, ఆ నీరు రెండవ సీసాలోకి పోతుంది. వరదకాలంలో మెకాంగ్ నీటిమట్టం సరస్సు మట్టంకన్న ఎక్కువవుతుంది. అందుకే ప్రవాహం దిశ మారుతుంది. అప్పుడు సుమారు 2,500 చదరపు కిలోమీటర్ల సరస్సు ఐదారు రెట్లు విస్తరిస్తుంది. నీట మునిగిన అడవుల్లో చేపపిల్లలు పెరుగుతాయి. వరద తగ్గి నది మళ్ళీ ముందుకు మళ్ళే నవంబరు ప్రాంతంలో కంబోడియా ప్రజలు పడవ పందేలతో పండుగ చేసుకుంటారు.

పైవారు – క్రిందివారు

కంబోడియా ప్రజల ఆహారంలో ఆ చేపలకు ముఖ్యమైన చోటు ఉంది. కాని వరద తగినంత రాకపోతే? నది వెనక్కి పారదు, సరస్సు నిండదు, చేపలు పెరగవు. 2019లో అదే జరిగింది. ప్రవాహం ఆలస్యంగా తిరిగి, కొద్ది వారాలే సాగింది. ఆ ఏడు వానలు సరిగా లేవు. దానికితోడు పైనున్న ఆనకట్టలు నీటిని పట్టి ఉంచాయని క్రింది ప్రాంతాలవారు అన్నారు. ప్రధాన నదిపై చైనా 1990ల నుండి పదికి పైగా ఆనకట్టలు కట్టింది. లావోస్ కట్టిన షాయాబురి ఆనకట్ట 2019లో పనిచేయసాగింది. ఆనకట్టలు వరదను తగ్గించి వేసవిలో నీరు అందిస్తాయని చైనా అంటుంది. ఆ మాటలో నిజం లేకపోలేదు. అయితే సరస్సుకు కావలసింది సరిగ్గా ఆ వరదే! పైగా, పొలాలకు బలమిచ్చే ఒండ్రు ఆనకట్టల వెనుకే ఆగిపోతుంది. వియత్నాం డెల్టాలో ఉప్పునీరు పంటపొలాల్లోకి చొచ్చుకువస్తున్నది.

1995లో లావోస్, థాయిలాండ్, కంబోడియా, వియత్నాం ఒప్పందం చేసుకొని మెకాంగ్ నదీ సంఘాన్ని ఏర్పరిచాయి. చైనా, మయన్మార్ అందులో సభ్యులు కావు, సంప్రదింపులు మాత్రం జరుపుతాయి. నీటిమట్టాల లెక్కలను ఏడాది పొడవునా తెలియజేయడానికి చైనా 2020లో అంగీకరించింది. ఇది చిన్న అడుగే కావచ్చు. కాని వరద ఎప్పుడు వస్తుందో ముందుగా తెలిస్తే క్రింది ఊళ్ళవారు జాగ్రత్తపడగలరు.

పేర్లు ఎన్నయినా నీరు ఒక్కటే. పైన ఆపిన నీరు క్రింద లోటవుతుంది. ఇప్పుడు అట్లాసులో బ్రహ్మపుత్రను వెదకండి. టిబెట్‌లో, బంగ్లాదేశ్‌లో దానిని ఏమంటారో కనుక్కొని మీ నోటుపుస్తకంలో వ్రాసుకోండి!