గ్యారేజీ తలుపుకీ ఓ చేంతాడు

అమ్మాయి పురుడు పోయడానికని అమెరికా వెళ్లిన అమ్మలకు అక్కడ వింతగా తోచేవాటిలో గ్యారేజీ తలుపొకటి. కారులో కూర్చునే మీట నొక్కితే చాలు, గోడంత తలుపు పలకలు పలకలుగా ఒంగుతూ పైకి వెళ్లిపోతుంది. చాలా ఇళ్లలో రాకపోకలన్నీ అటునుంచే. వీధి గుమ్మం తెరిచేది చుట్టాలొస్తేనే! అలాంటి తలుపు ఓ రోజు వంకరగా సగంలో ఆగిపోతే? ఇంట్లో మీరూ, బాలింతా, పసిబిడ్డా మాత్రమే ఉంటే?

చెయ్యేసి సర్దబోకండి. మీట మళ్లీ మళ్లీ నొక్కకండి.

రెండు కార్లు పట్టే తలుపు 60, 70 కిలోల పైనే ఉంటుంది. చెక్కదైతే ఇంకా ఎక్కువ. అంత బరువూ మోటారే ఎత్తుతోందనుకుంటాం గానీ, అసలు బలం తలుపు పైన గోడకు బిగించిన స్ప్రింగుది. దానికి రెండు పక్కలా గిలకల్లాంటి చక్రాలుంటాయి. వాటికి చుట్టిన ఉక్కు తీగలు తలుపు కింది మూలల దాకా వస్తాయి. మన బావి గిలక, చేంతాడు లాంటివే. చేంతాడు పేటలు విడిపోతుంటే తెగేదాకా ఆగుతామా? కొత్తది కొనేస్తాం. ఇదీ అంతే.

నెలకోసారి తలుపు మూసి, టార్చిలైటు వేసి తీగలను చూడండి. ముట్టుకోకుండా సుమా! పోగులు తెగి ముళ్లలా పైకి లేచినా, తుప్పు కనిపించినా, ఓ పక్క తీగ వదులైనా మెకానిక్కుని పిలవాల్సిందే. ముఖ్యంగా చూడాల్సింది కింది మూలలు. చలి రాష్ట్రాల్లో మంచు కరగడానికి రోడ్లమీద ఉప్పు చల్లుతారు. కారుతో వచ్చిన ఆ ఉప్పునీరు నిలిచేది గడప దగ్గరే. తీగ తుప్పుపట్టడం తరచూ మొదలయ్యేదీ అక్కడే.

'నేను మారుస్తాలెండి అత్తయ్యా' అని అల్లుడుగారు స్పానరు తీస్తే మాత్రం ఆపండి. ముందు స్ప్రింగు బిగువు దించకుండా కింది మూల బోల్టులు వదులు చేస్తే ఆ బిళ్ల ఎగిరి కొడుతుంది. వేళ్లు పోగొట్టుకున్నవాళ్లున్నారు. ఒక తీగే తెగినా రెండూ మార్పించాలి. రెండోది కూడా అన్నాళ్లూ అరిగిందే కదా! అద్దె ఇల్లయితే ముందు ఇంటివాళ్లకు చెప్పండి. అతుకులకూ, చక్రాలకూ సిలికాన్ స్ప్రే కొట్టడం వరకూ ఇంట్లో చేసుకోవచ్చు. పట్టాలకు మాత్రం వద్దు.

'ఏదైనా అడ్డొస్తే తలుపు అదే వెనక్కి వెళ్తుందిగా' అంటారు కొందరు. నిజమే, 1993 నుంచి అక్కడ తయారయ్యే మోటార్లకు ఆ జాగ్రత్త తప్పనిసరి చేశారు. కానీ అది ఆపేది మోటారుని. తీగ తెగి పడిపోయే తలుపును కాదు. తలుపు పైకి ఉన్నప్పుడు తీగ తెగితే, మోటారు నుంచి వేలాడే ఎర్రతాడు లాగనే కూడదు. లాగితే బరువంతా ఒక్కసారిగా కిందపడుతుంది.

మెకానిక్కు వచ్చేదాకా తలుపు కింది నుంచి ఎవరినీ నడవనివ్వకండి. ఇంట్లోంచి గ్యారేజీలోకి వెళ్లే తలుపుకు గడియ పెట్టండి, పెద్దపిల్లాడు సైకిలు కోసం పరుగెత్తకుండా.