బీరుకు శత్రువు, ఇడ్లీకి నేస్తం

ఢిల్లీ చలిలో పిండి పొంగకపోవడం వెనుక ఉన్న సూక్ష్మజీవుల కథ

డిసెంబరు, జనవరి నెలల్లో ఉత్తర ఢిల్లీలోని ముఖర్జీ నగర్ అద్దె గదుల్లో ఇడ్లీ పిండి మొండికేస్తుంది. పోటీ పరీక్షలకు చదువుకునే తెలుగు విద్యార్థులు రాత్రి కలిపి పెట్టిన పిండి, తెల్లారినా గిన్నెలో అంగుళం పైకి రాదు. విజయవాడలో ఎనిమిది, పది గంటల్లో పొంగే పిండికి ఇక్కడ ఏమైంది? కొందరు పాడైందనుకుని పారబోస్తారు, కొందరు వంటసోడా వేస్తారు. నిజానికి ఆ పిండిలోని జీవులు బతికే ఉన్నాయి, నెమ్మదించాయంతే. వాటి తీరు తెలియాలంటే, పులియబెట్టడంలో ఇడ్లీకి పూర్తిగా ఎదురు దారిలో నడిచే పేల్ ఏల్ బీరును పక్కన పెట్టి చూడాలి.

కిట్‌లో ఏముంటుంది?

బ్రిటన్‌లో 1963 నుంచి సొంత వాడకానికి ఇంట్లో బీరు తయారు చేసుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు. అక్కడ మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ కిట్లు దుకాణాల్లో దొరుకుతాయి. మన దగ్గర సంగతి వేరు. ఢిల్లీ ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారీ నేరం. కాబట్టి ఇది చేసి చూడాల్సిన ప్రయోగం కాదు, చదివి తెలుసుకోవాల్సిన శాస్త్రం.

కిట్ డబ్బాలో తేనెలాంటి చిక్కటి పాకం ఉంటుంది. మొలకెత్తిన బార్లీలోని అమైలేజ్ ఎంజైములు పిండిపదార్థాన్ని మాల్టోజ్ చక్కెరగా మారుస్తాయి. ఆ చక్కెర నీటిని చిక్కబరిస్తే మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ వస్తుంది. మొలకెత్తించిన రాగులతో మనం చేసే రాగిమాల్ట్‌ తియ్యదనం వెనుక ఉన్నదీ ఈ ఎంజైములే. పాకంతో పాటు ఒక చిన్న పొట్లంలో ఈస్ట్ ఉంటుంది. పాకాన్ని నీటిలో కలిపి, చల్లార్చి ఈస్ట్ చల్లితే, 18-22 డిగ్రీల దగ్గర అది చక్కెరను ఆల్కహాలుగా, కార్బన్ డయాక్సైడుగా విడగొడుతుంది.

ఇందులో బకెట్టు నుంచి గరిటె దాకా ప్రతిదాన్నీ క్రిమిరహితం చేయాలి. ఎందుకంటే లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా చొరబడితే బీరు పులిసి పాడవుతుంది. చేదు కోసం వేసే హాప్స్ పువ్వుల్లోని ఆమ్లాలు కూడా ఈ జాతి బ్యాక్టీరియాలో చాలావాటిని అణచివేస్తాయి. అంటే బీరు తయారీలో సగం శ్రమ ఈ బ్యాక్టీరియాను తలుపు బయట ఉంచడానికే.

మినప్పప్పే మన పొట్లం

ఇడ్లీ పిండిలో మనం ఏ పొట్లమూ చల్లం. కావలసిన సూక్ష్మజీవులు పప్పు, బియ్యంతోనే వస్తాయి. 1965లో ఎస్.కె. ముఖర్జీ, కె.హెచ్. స్టైన్‌క్రాస్ తదితరులు 'అప్లైడ్ మైక్రోబయాలజీ' పత్రికలో ప్రచురించిన పరిశోధన, పిండిని పొంగించేది ప్రధానంగా ల్యూకోనాస్టాక్ మెసెంటెరాయిడిస్ అనే లాక్టిక్ బ్యాక్టీరియా అని తేల్చింది. ఈస్ట్ లేకుండా కేవలం లాక్టిక్ బ్యాక్టీరియాతో పిండి పొంగడం, వారికి తెలిసినంతలో, అదే మొదటిసారి నమోదు కావడం. చివరి దశలో కనిపించిన మరో బ్యాక్టీరియాకు అప్పటి పేరు పెడియోకాకస్ సెరివిసియే. సెరివిసియే అంటే లాటిన్‌లో 'బీరుకు చెందిన' అని అర్థం. బీరు తయారీదారులు తరిమికొట్టే కుటుంబమే మనకు ఇడ్లీ పెడుతోందన్నమాట.

ఈ బ్యాక్టీరియా చక్కెర నుంచి లాక్టిక్ ఆమ్లాన్ని, కార్బన్ డయాక్సైడును, కొద్దిగా ఆల్కహాలును కూడా తయారు చేస్తుంది. ఆమ్లం పులుపునిస్తుంది, వాయువు పిండిని పైకి లేపుతుంది. ఇడ్లీ ఉడికేటప్పుడు ఆ కాస్త ఆల్కహాలు చాలావరకు ఆవిరైపోతుంది. వాయువు బుడగలు పగిలిపోకుండా పట్టి ఉంచేది మినప్పప్పులోని ప్రోటీన్లు, జిగురు పదార్థం. అందుకే పప్పు తగ్గితే ఇడ్లీ గట్టిపడుతుంది.

చలి ఏం చేస్తుంది?

పిండికి అనువైన ఉష్ణోగ్రత సుమారు 28-32 డిగ్రీలు. జనవరిలో ఢిల్లీ కనిష్ఠ ఉష్ణోగ్రత సగటున ఏడెనిమిది డిగ్రీలే. ఎండ పడని గదిలో పిండి 15 డిగ్రీల దగ్గర ఉండిపోతుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు తగ్గితే సూక్ష్మజీవుల పని వేగం దాదాపు సగానికి పడిపోతుంది. రాత్రికి పొంగాల్సిన పిండికి ఒక పగలూ ఒక రాత్రీ పట్టడంలో వింత లేదు. యూరప్‌లో క్యాబేజీని పులియబెట్టి చేసే సవర్‌క్రాట్‌ను మొదలుపెట్టేదీ ల్యూకోనాస్టాకే, అదీ 18 డిగ్రీల దగ్గర. చలి దానికి కొత్త కాదు.

లీటరు వేడినీళ్ల లెక్క

దుప్పటి చుడితే చాలనుకుంటారు. దుప్పటి వేడిని పుట్టించదు, ఉన్న వేడిని పోకుండా ఆపుతుంది. చల్లటి పిండికి దుప్పటి చుడితే చల్లగానే ఉంటుంది.

రెండు కిలోల పిండిని 15 నుంచి 30 డిగ్రీలకు తేవడానికి సుమారు 105 కిలోజౌళ్ల వేడి కావాలి. ఒక లీటరు నీరు 60 నుంచి 30 డిగ్రీలకు చల్లారుతూ సుమారు 126 కిలోజౌళ్లు ఇస్తుంది. కాబట్టి గోరువెచ్చటి నీటితో రుబ్బి, గిన్నెను ఒక థర్మకోల్ పెట్టెలో పెట్టి, పక్కన వేడినీళ్ల స్టీలు సీసా ఉంచి మూత వేస్తే చాలు. కొంత వేడి బయటికి పోతుంది కనుక పడుకోబోయే ముందు నీళ్లు ఒకసారి మార్చాలి. పాత పిండి ఒక గరిటెడు కలిపితే పని ఇంకా త్వరగా మొదలవుతుంది. కిట్‌లోని ఈస్ట్ పొట్లం చేసే పనే అది.

గిన్నెను రూమ్ హీటర్ పక్కన పెట్టి నిద్రపోవడం మాత్రం వద్దు. 2023 జూన్‌లో ముఖర్జీ నగర్‌లో ఒక కోచింగ్ కేంద్రం ఉన్న భవనంలో మంటలు చెలరేగినప్పుడు విద్యార్థులు తాళ్లు పట్టుకుని కిటికీల నుంచి దిగాల్సి వచ్చింది. ఇరుకు గదులున్న చోట రాత్రంతా వెలిగే హీటర్ చిన్న విషయం కాదు.

వంటసోడా బుడగలు తెస్తుంది కానీ పులుపును చంపేస్తుంది, పిండిలోని థయమిన్ అనే బి విటమిన్‌ను దెబ్బతీస్తుంది. బదులుగా ఇంకో పది గంటలు ఆగితే చాలు. పిండి మీద నల్లటి, గులాబీ రంగు మచ్చలో, కుళ్లు వాసనో వస్తే మాత్రం పారబోయాల్సిందే. పొంగకపోవడం ఒక్కటే అయితే అది పాడవడం కాదు, ఆలస్యం. మే నెలలో ఇదే గదిలో ఇదే పిండి ఐదారు గంటలకే పొంగి పొర్లుతుంది. అప్పుడు మళ్లీ ఫ్రిజ్ వెతుక్కోవాలి.