కారుకు దాహమేస్తే ఏం పోయాలి?

పిల్లలూ! ఎండలో తిరిగి వస్తే మనకు దాహమేస్తుంది. కుండలో నీళ్ళు ముంచుకుని తాగుతాం. కారుకు కూడా దాహమేస్తుంది. అప్పుడేం పోయాలి? "నీళ్ళే గదా, మాస్టారూ!" అంటారు మీలో చాలామంది. నేనూ అలాగే అనుకున్నాను. అనుకుని ఎంత నష్టపోయానో ముందు చెబుతాను, వినండి.

కొన్నేళ్ళ క్రితం నేనొక పాత కారు కొన్నాను. రేడియేటర్లో మట్టం తగ్గినప్పుడల్లా మా పెరటి బోరు నీళ్ళు పోసేవాణ్ణి. రెండేళ్ళు బాగానే నడిచింది. మూడో వేసవిలో, మే నెల మిట్టమధ్యాహ్నం, సూర్యాపేట నుంచి విజయవాడ వెళ్తుండగా కోదాడ దగ్గర వేడిని చూపే ముల్లు ఎర్రగీత దాటింది. బండి ఆపి, బానెట్ ఎత్తి, రేడియేటర్ మూత మీద గుడ్డ వేసి తిప్పబోయాను. ఇంతలో అక్కడే ఆగివున్న లారీ డ్రైవరు "అయ్యా! మూత తియ్యకండి, మొహం కాలిపోద్ది!" అని కేక వేశాడు. రోజూ బడిలో భౌతికశాస్త్రం చెప్పే నేను ఆ క్షణాన నా పాఠమే మరిచిపోయాను!

మూత ఎందుకు తియ్యకూడదు?

నీరు 100 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద మరుగుతుందని మీకు తెలుసు. అది మామూలు వాతావరణ పీడనం వద్ద మాట. పీడనం పెరిగితే మరుగు స్థానమూ పెరుగుతుంది. ప్రెషర్ కుక్కర్లో జరిగేది ఇదే. రేడియేటర్ మూతలో ఒక స్ప్రింగు వుంటుంది. చాలా కార్లలో అది లోపలి పీడనాన్ని బయటికంటే సుమారు ఒక వాతావరణ పీడనం మేర ఎక్కువగా నిలుపుతుంది. అందుచేత లోపలి నీరు దాదాపు 120 డిగ్రీల దాకా మరగదు. మూత తీయగానే పీడనం పడిపోతుంది. 100 డిగ్రీలు దాటిన నీటిలో కొంత భాగం తక్షణమే ఆవిరైపోతుంది. ఆవిరైన నీరు సుమారు 1,600 రెట్ల చోటు ఆక్రమిస్తుంది. ఆ ఆవిరీ, సలసల కాగే నీరూ ఎవరి ముఖం మీదికి చిమ్ముతాయో వేరే చెప్పాలా?

బోరు నీరు చేసిన పని

ఇంజను చల్లబడ్డాక మెకానిక్ రేడియేటర్ విప్పి చూపించాడు. సన్నని గొట్టాల నిండా తెల్లని పెచ్చులు! మా బోరు నీరు కఠిన జలం. అందులో కరిగివున్న కాల్షియం బైకార్బనేటు, వేడి తగిలితే కాల్షియం కార్బనేటుగా మారి గోడలకు అంటుకుంటుంది. నీళ్ళు కాచే గిన్నె అడుగున మీరు చూసే తెల్లని పొర ఇదే. అది వేడిని సరిగా పోనివ్వదు, దారినీ మూసేస్తుంది. దీనికి తోడు లోపల తుప్పు. బాగుచేయించడానికి నా నెల జీతం అయిపోయింది.

కూలెంట్ అంటే ఏమిటి?

కార్లలో వాడే కూలెంట్లలో సాధారణంగా నీటితో పాటు ఇథిలీన్ గ్లైకాల్ వుంటుంది. ఈ పదార్థాన్ని 1856లో వుర్ట్జ్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త తయారుచేశాడు. నిజానికి వేడిని మోయడంలో నీరే గొప్పది. గ్లైకాల్ విశిష్టోష్ణం నీటి విశిష్టోష్ణంలో సగానికి కాస్త ఎక్కువ, అంతే. కాని రెండూ సగం సగం కలిపితే ఆ మిశ్రమం సుమారు మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు. మామూలు పీడనం వద్దనే 106 డిగ్రీలు దాటాక గాని మరగదు. మన ఊళ్ళో గడ్డకట్టే చలి లేదు గాని, లడఖ్ చలిలో కేవలం నీళ్ళున్న ఇంజను పగిలిపోవచ్చు. నీరు గడ్డకడితే సుమారు నూటికి తొమ్మిది వంతులు వ్యాకోచిస్తుంది మరి!

కూలెంట్లో మరో ముఖ్యమైన సరుకు తుప్పును ఆపే రసాయనాలు. కొన్నింటిలో సిలికేట్లు, కొన్నింటిలో ఫాస్ఫేట్లు, మరికొన్నింటిలో కర్బన ఆమ్లాల లవణాలు వుంటాయి. చిక్కంతా ఇక్కడే వుంది.

రంగు చూసి మోసపోకండి

దుకాణంలో ఆకుపచ్చ, ఎరుపు, నీలం, గులాబీ రంగుల కూలెంట్లు దొరుకుతాయి. "మన కార్లో ఆకుపచ్చది వుంది, ఆకుపచ్చదే ఇవ్వు" అంటే సరిపోదు. రంగు కేవలం కలిపిన అద్దకం. ఏ రంగుకు ఏ రసాయనం అన్న నియమాన్ని కంపెనీలన్నీ ఒకేలా పాటించవు. సరిపడని రెండు రకాలు కలిస్తే తుప్పును ఆపే శక్తి తగ్గవచ్చు, ఒక్కోసారి జిగురు ముద్దలు ఏర్పడి గొట్టాలు మూసుకుపోవచ్చు. కారుతో పాటు ఇచ్చిన పుస్తకంలో ఏ రకమని రాశారో, సీసా మీద అదే వున్నదా అని చూడాలి.

ఇంకా మూడు సంగతులు. ఇంజను పూర్తిగా చల్లారాకే, తొట్టె మీది కనిష్ఠ, గరిష్ఠ గీతల మధ్యకు వచ్చేలా పోయాలి. చిక్కని కూలెంటయితే సీసా మీద చెప్పిన పాళ్ళలో స్వేదన జలం కలపాలి; కలిపి అమ్మేదాన్ని అలాగే పోయాలి. మాటిమాటికీ మట్టం తగ్గుతుంటే ఎక్కడో కారుతున్నదన్నమాట. మెకానిక్ కు చూపించాలి. దారిలో వేరే గతి లేకపోతే ఇంజను చల్లారాక మంచినీళ్ళు పోసి ఇల్లు చేరవచ్చు గాని, తరువాత తప్పక సరిచేయించాలి.

జాగ్రత్త! ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా వుంటుంది, కాని విషం. నేల మీద ఒలికితే కుక్కలూ పిల్లులూ నాకి చనిపోతాయి. వెంటనే తుడిచి కడగాలి. మిగిలినదాన్ని తాగునీటి సీసాలో ఎన్నడూ దాచకూడదు.

మీరే చేసి చూడండి

రెండు నల్లని పళ్ళేలు తీసుకోండి. ఒకదానిలో రెండు చెంచాల బోరు నీరు, రెండోదానిలో అంతే స్వేదన జలం పోసి ఎండలో పెట్టండి. నీరంతా ఆరిపోయాక ఏ పళ్ళెంలో తెల్లని మరక మిగిలిందో చూడండి. రెండు చెంచాలకే అంత మరకయితే, రెండేళ్ళపాటు నేను పోసిన నీళ్ళ మాటేమిటి? మీ ఇంట్లో కారుంటే, ఆ పళ్ళెం తీసుకెళ్ళి నాన్నగారికి చూపించండి!