ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు: పునరుద్ధరణతో పాటు కొత్త రేక్‌ల ప్రణాళిక ఆవశ్యకం

హైదరాబాద్: జంట నగరాల ప్రజలకు చౌక ప్రయాణ సౌకర్యం కల్పిస్తున్న ఎం.ఎం.టి.ఎస్. సర్వీసులు 2003 ఆగస్టు 9న ప్రారంభమయ్యాయి. తొలి దశ వ్యయాన్ని నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, రైల్వే శాఖ చెరిసగం భరించాయి.

ఈ రైళ్లకు ప్రత్యేకంగా ఇంజను ఉండదు. రేక్‌లోని మోటారు పెట్టెలే రైలును నడుపుతాయి. రైల్వే ప్రమాణాల మేరకు ఇట్టి పెట్టెల ఆయుర్దాయం 25 సంవత్సరాలు. అనగా 2003లో ప్రవేశపెట్టిన పెట్టెకు 2028లో గడువు పూర్తవుతుంది.

మధ్యకాలంలో చేపట్టే పునరుద్ధరణలో తుప్పుపట్టిన భాగాలను తొలగించి, వైరింగును, సీట్లను మార్చి, మోటార్లను బాగుచేస్తారు. దీనివలన పెట్టె గడువు వరకు భద్రంగా నడుస్తుంది. అయితే పాత తరం డి.సి. మోటార్లలో బ్రష్షుల అరుగుదల తప్పదు. త్రీ-ఫేజ్ రేక్‌లకు ఆ బెడద లేదు. పైగా బ్రేకు వేసినపుడు అవి విద్యుత్తును తిరిగి తీగలోకి పంపుతాయి.

రెండవ దశ వ్యయంలో రాష్ట్రానిది మూడింట రెండు వంతులు, రైల్వేది ఒక వంతు. ఈ దశలో భాగంగా 2023 ఏప్రిల్ 8న మేడ్చల్, ఉందానగర్ మార్గాలతో 13 కొత్త సర్వీసులు ప్రారంభమయ్యాయి. మార్గాలు పెరిగినపుడు రేక్‌లూ పెరగాలి. మరమ్మతుకు వెళ్లిన రేక్ స్థానంలో మరొకటి లేనిచో ట్రిప్పులు రద్దవుతాయి. ఉద్యోగులు, విద్యార్థులు ఇబ్బంది పడతారు.

మంజూరు, నిధులు, తయారీ, పరీక్షలు వరుసగా జరగవలసినవి. కావున గడువు సమీపించక మునుపే వాటాలు, రేక్‌ల సంఖ్య నిర్ణయించుకొనుట శ్రేయస్కరం.